ఒక ఎండ, ఒక వాన దాటిన తలుపును చూడండి

ఇంటి పని: మీ ప్రశ్నలు, ఆచారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి. మంచి వడ్లాయన, అంటే కొయ్యపని చేసే ఆచారి, దొరకడం లేదు, దొరికినాయన మంచివాడో కాదో తెలుసుకునే దారి లేదు. నేను కర్నూలు పాతబస్తీలో నలభై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మా నాయన ఎద్దులబండ్ల చక్రాలు చేసేవాడు. నా చేతికి ఉలి వచ్చేసరికి బండ్లు తగ్గిపోయి తలుపులు, కిటికీలు మిగిలినాయి. తోటి పనివాళ్ళ తప్పులు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు కష్టంగానే ఉంటుంది. కానీ మనలాంటి వాళ్ళు ఇల్లు కట్టేది బతుకులో ఒక్కసారి. అందుకే దాచకుండా చెప్తున్నాను.

ప్రశ్న: మాది ఆదోని. రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాం. పునాది అయింది, వచ్చే నెల తలవాకిలి పెట్టాలి. ముగ్గురు ఆచారులను పిలిస్తే ముగ్గురూ మూడు తీర్లుగా చెప్పినారు. ఒకాయన రోజు కూలి అన్నాడు. ఒకాయన కొయ్య మీరు తెచ్చుకోండి, వాకిలికింత అన్నాడు. మూడో ఆయన కొయ్యతో సహా గుత్తకు ఇమ్మన్నాడు. అన్నీ లెక్కేస్తే గుత్త చెప్పినాయనదే తక్కువ. ఎవరికి ఇవ్వమంటారు?

జవాబు: అమ్మా, ధర కాసేపు పక్కన పెట్టండి. ముగ్గురినీ ఒకే మాట అడగండి. "మీరు పని చేసిన ఇల్లు ఒకటి చూపించండి. ఈ ఏడాది చేసింది వద్దు, అంతకు ముందు చేసింది కావాలి." కొత్త తలుపు ఎవరు చేసినా బాగానే కనిపిస్తుంది. వార్నిష్ వాసన పోకముందు ఏ లోపమూ బయటికి రాదు. మన సీమలో ఏప్రిల్, మే ఎండలు ఒకసారి దాటాలి. ఆ తర్వాత సెప్టెంబరు, అక్టోబరు వానలు ఒకసారి దాటాలి. ఎండకు కొయ్య కుంచించుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. ఆ రెండూ చూసిన తలుపు, చేసినవాడి పనితనం దాచలేదు.

ఆ ఇంటికి పోయినప్పుడు తలుపును సగం తెరిచి వదిలేయండి. వదిలిన చోటే నిలబడాలి. దానంతట అది మూసుకుంటున్నా, తెరుచుకుంటున్నా చట్రం నిలువు తూకం తప్పిందని అర్థం. అది తలుపును చెక్కితే పోయే తప్పు కాదు. తర్వాత చట్రం పై మూల చూడండి. నిలువు కొయ్య, అడ్డకొయ్య కలిసే చోట కుసి, అంటే కొయ్య కొసన చెక్కిన నాలుక, బెజ్జంలో బిగువుగా కూర్చుంటే గీత మాత్రమే కనిపిస్తుంది. గోరు దూరిందంటే పచ్చి కొయ్య వాడినాడు, లేదా కొలత తప్పినాడు. ఆ సందులో లప్పం పెట్టి రంగేసినారేమో కూడా చూడండి, లప్పం ఏడాదికి పగులుతుంది.

బందుల దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. స్క్రూ తలలో గాడి ఉంటుంది కదా, అది చెదరకుండా శుభ్రంగా ఉందా? చాలామంది స్క్రూను మేకు కొట్టినట్టు సుత్తితో దిగ్గొట్టి, చివర రెండు చుట్లు మాత్రం తిప్పుతారు. అట్లా దిగిన స్క్రూకు కొయ్యలో పట్టు ఉండదు. లోపలి పోగులన్నీ చితికిపోయి ఉంటాయి. రెండేళ్ళకు తలుపు కిందికి దిగి నేలను గీకుతుంది. సన్న బెజ్జం వేసి, తిప్పి బిగించిన స్క్రూ తల ఎప్పుడూ నీటుగా ఉంటుంది. ఆ ఇంట్లో పది స్క్రూలు చూస్తే ఆయన ఓపిక ఎంతటిదో మీకు తెలిసిపోతుంది.

ఇంకొకటి. మీ ఫోను కెమెరాను తలుపు కింద పెట్టి ఒక ఫొటో తీయండి. తలుపు అడుగు అంచుకు రంగు ఉందా? పై అంచుకు? ఎవరి కంటికీ ఆనని అంచులు కాబట్టి అక్కడ రంగు వదిలేస్తారు. కొయ్య తేమను ఎక్కువగా పీల్చేదే ఆ కొసల్లోంచి. కనపడని అంచుకు కూడా రంగేయించిన ఆచారి దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా వదులుకోకండి.

చివరగా ఆ ఇల్లాలితో మాట్లాడండి. తలుపును రోజుకు ఇరవై సార్లు తీసి వేసేది ఆమె. "పని అయిన తర్వాత ఏదన్నా ఇబ్బంది వస్తే పిలిస్తే వచ్చినాడా?" అని అడగండి. ఈ ఒక్క జవాబు కోసమైనా ఊరి ఆచారి పనికొస్తాడు.

ఇప్పుడు ధర సంగతి. చిన్నా చితకా మరమ్మతులకు రోజు కూలి మంచిది, ఎందుకంటే లోపల ఏముందో విప్పితే గానీ తెలియదు. కొత్త ఇంటికి కొయ్య మీరు కొని, పనికి మాత్రం వాకిలికింత అని మాట్లాడుకోవడం నా మట్టుకు నాకు సరైన పద్ధతి. కొయ్యతో సహా గుత్త అంటారా, అందులో తక్కువ చెప్పినాయన ఎక్కడ మిగిల్చుకుంటాడో ఆలోచించండి. కూలిలో మిగలదు, అతని దగ్గర పనిచేసేవాళ్ళకు ఇవ్వాల్సిందే. మిగిలితే కొయ్యలోనే మిగలాలి. అయినా గుత్తకే ఇస్తామంటే ఒక కాగితం మీద కొయ్య పేరు, చట్రం ఎన్ని అంగుళాలు, తలుపు మందం ఎంత, బందులు ఎన్ని, ఇత్తడివా స్టీలువా, గడియలు, తాళాలు ఎవరు తేవాలి అన్నది రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. ఆయన స్వయంగా పని చేస్తాడా, పని నేర్చుకునే పిల్లలను పంపిస్తాడా అన్నది కూడా అడగండి. నేనైతే డబ్బులు నాలుగు భాగాలుగా తీసుకుంటాను. పని మొదలుపెట్టేటప్పుడు ఒకటి, చట్రాలు నిలబెట్టినాక ఒకటి, తలుపులు బిగించినాక ఒకటి, నెల రోజులు వాడి చూసినాక చివరిది. చివరి భాగం మీ దగ్గర ఉన్నన్ని రోజులు ఆచారికి మీ ఇంటి దారి గుర్తుంటుంది.

ముహూర్తం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నాకు ఇరవై అయిదేళ్ళ వయసులో ఒక ఇంటి తలవాకిలి చేసినాను. ముహూర్తం దగ్గరపడింది, కొయ్య ఇంకా ఆరలేదు. ఇంటాయన తొందర పెట్టినాడు, నేను కాదనలేకపోయినాను. గడప కింద నవధాన్యాలు పోసి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి వాకిలి నిలబెట్టినారు. నాకు పంచె పెట్టి దక్షిణ ఇచ్చినారు. ఉగాదికి పోయి చూస్తే పై రెండు మూలలూ విచ్చుకుని నా చిటికెన వేలు దూరింది. ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు. ఆ ఊరుకోవడమే నాకు ఈరోజుకూ గుర్తు. సొంత ఖర్చుతో వేరే చట్రం చేసి పెట్టినాను. అప్పటినుంచి కొయ్య ఆరనిదే ఎవరి ముహూర్తానికీ ఒప్పుకోలేదు. మీరు కొయ్యను ఈరోజే కొనండమ్మా, ముహూర్తం తర్వాత పెట్టించుకోండి. తప్పదంటే ఆ రోజు గడప ఒక్కటి పెట్టి పూజ చేసుకోండి, మిగతా చట్రం తర్వాత బిగించుకునే వీలుంది. అందుకు తగ్గట్టు కుసులు చేయమని ఆచారికి ముందే చెప్పాలి.

ప్రశ్న: తాడిపత్రి నుంచి రాస్తున్నాను. అయిదు మూడు సైజు టేకు అని బిల్లు వేసినారు. పని అయినాక టేపు పెట్టి చూస్తే చట్రం నాలుగుంముప్పావు, రెండుంముప్పావు అంగుళాలే ఉంది. కొట్టులో మోసపోయినానా, ఆచారి చేతిలో మోసపోయినానా?

జవాబు: అన్నా, ఇద్దరూ మిమ్మల్ని మోసం చేసి ఉండకపోవచ్చు. కోత మిల్లులో అయిదు మూడుగా వచ్చిన కొయ్యకు చిత్రిక పడితే ఒక్కో వైపు కాస్త పోతుంది. నాలుగు వైపులా నున్నగా చేస్తే ఆ రెండు కొలతల్లోనూ పావు అంగుళం తగ్గడం మామూలే. కొలవాల్సింది చిత్రిక పట్టక ముందు, కొట్టులోనే. పని అయినాక కొలిస్తే జగడం తప్ప ఏమీ తేలదు.

లెక్క మీరే వేసుకోవచ్చు. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో పెట్టి, మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. కొట్టువాళ్ళు సీఎఫ్‌టీ అనేది దీన్నే. తలవాకిలికి ఆరు నాలుగు కొయ్య అనుకోండి. ఏడడుగుల నిలువు కొయ్యలు రెండు, మూడున్నర అడుగుల పై అడ్డకొయ్య ఒకటి, గడప మూడున్నర. మొత్తం 21 అడుగులు. 21ని ఆరుతో, నాలుగుతో గుణిస్తే 504. దాన్ని 144తో భాగిస్తే సరిగ్గా మూడున్నర ఘనపుటడుగులు. లోపలి వాకిళ్ళకు గడప లేకుండా అయిదు మూడు పెట్టుకుంటే ఒక్కోదానికి రెండుకు కాస్త తక్కువ పడుతుంది. ఈ లెక్క చిన్న కాగితం మీద రాసుకుని కొట్టుకు పోండి. మీ చేతిలో టేపు, కాగితం చూస్తేనే మాట తీరు మారుతుంది.

అసలు తేడా వచ్చేది వేరే రెండు చోట్ల. ఆరడుగుల తొమ్మిదంగుళాల కొయ్యను ఏడడుగులని రాస్తారు. అది ఒక్కో ముక్కకూ చూసుకోండి. రెండోది చేవ. టేకు అంటే అందరూ పేరు చూస్తారు, చేవ చూడరు. దుంగ నడిమధ్య ముదురు రంగులో ఉండేది చేవ, అంచున పాలిపోయినట్టు ఉండేది తెల్లచెక్క. చెదలు టేకు జోలికి రావనే మాట చేవకు మాత్రమే నిజం. తెల్లచెక్కను చెదలు మామూలు కొయ్యను తిన్నట్టే తింటాయి. తెల్ల అంచు మీద రంగు వార్నిష్ వేస్తే ఏది ఏదో కనుక్కోలేరు. అందుకే పాలిష్ వేయకముందు ఒకసారి పనిచోటికి పోయి ప్రతి ముక్కా తిప్పి చూడండి.

దుంగ కొనేవాళ్ళకు ఇంకో లెక్క. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కన ఎనిమిది ఘనపుటడుగులు. నిజానికి అందులో పది పైనే కొయ్య ఉంటుంది. కోతలో, పొట్టులో పోయేదానికి వదిలిపెట్టే వాటా అది. అయినా చెక్కలుగా కోసినాక ఎనిమిది చేతికి రాదు. దుంగ చవక అని కొని కోత కూలి, తరుగు లెక్కలోకి తీసుకోనివాళ్ళను చాలామందిని చూసినాను.

ప్రశ్న: కడపలో ఒంటరిగా ఉంటాను, రిటైరైన టీచరును. నవంబరు వానలకు వీధి తలుపు బిగుసుకుపోయి మూయడం కష్టమైంది. పిలిస్తే వచ్చిన అతను అర అంగుళం చెక్కేయాలి అంటున్నాడు. చెక్కించమంటారా?

జవాబు: వద్దు తల్లీ, ఇప్పుడు చెక్కించకండి. కొయ్య పొడవులో పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. వానకు ఉబ్బిన తలుపును అర అంగుళం చెక్కితే ఏప్రిల్ వచ్చేసరికి చట్రానికీ తలుపుకూ మధ్య వేలంత సందు, అందులోంచి తేళ్ళు, దుమ్ము. జనవరి దాకా ఆగండి.

ఈలోపు ఒక పని చేయండి. మీ దగ్గర సుద్దముక్క ఉండే ఉంటుంది. చట్రం లోపలి అంచు పొడవునా బాగా రుద్ది, తలుపును గట్టిగా మూసి తెరవండి. ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ తలుపు మీద తెల్లగా అంటుకుంటుంది. తాళం వైపు కింది మూలలోనో, పై మూలలోనో మాత్రమే తెలుపు పడితే అది వాన తప్పు కాదు, పై బందు వదులైంది. ఏడడుగుల తలుపు బరువు ఎక్కువగా పై బందునే లాగుతుంది. ఆ స్క్రూలు తీయించి, బెజ్జాల్లో టేకు పుల్లలకు ఫెవికాల్ రాసి దిగ్గొట్టించి, ఆరినాక కాస్త పొడవైన స్క్రూలు తిప్పించండి. చిత్రిక అవసరమే రాకపోవచ్చు. నిలువునా అంతటా తెలుపు పడితేనే ఉబ్బినట్టు. దానికి కొవ్వొత్తి ముక్కతో అంచు పొడవునా రుద్దండి, జనవరి దాకా సర్దుకుంటుంది. అప్పటికీ బిగువుగా ఉంటే తెల్లగా పడినంత మేరే పలుచగా చిత్రిక పట్టించి, ఆ రోజే ఆ పచ్చి అంచుకు రంగేయించండి. రంగేయకుండా వదిలితే వచ్చే వానకు మళ్ళీ ఇదే కథ.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలులోకి వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు పై కప్పు దాకా ఉన్నాయి. నీళ్ళు తీసినాక రోజుకు పది ఇళ్ళనుంచి పిలుపులు, అన్ని తలుపులూ పీకేయమని. చేతినిండా పని, అడిగినంత డబ్బు. కానీ నేను చాలామందికి ఒకటే చెప్పినాను. రెక్కలు బందుల నుంచి తీసి, బురద కడిగి, నీడలో గోడకు నిలువుగా ఆనించి మూడు నెలలు మరిచిపోండి అని. ఎండలో పెట్టినవాళ్ళవి పగిలినాయి. నీడలో ఆరినవాటిలో టేకువీ, వేపవీ ఎక్కువ భాగం చిన్న మరమ్మతుతో మళ్ళీ బిగించినాం. ప్లైవుడ్ తలుపులు మాత్రం తడిసిన పుస్తకం మాదిరి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి, వాటికి నేను ఏమీ చేయలేకపోయినాను. అన్ని రోజులు నీళ్ళలో నానిన తలుపే ఆగితే తిరిగి వచ్చింది తల్లీ, మీది రెండు వానలు చూసిన తలుపు.

ఒంటరిగా ఉంటామన్నారు కాబట్టి ఇంకో మాట. కొత్త మనిషిని పిలిచినప్పుడు పక్కింటివాళ్ళకు చెప్పి పిలవండి. పని ఏమిటో, ఎంతో ముందే ఫోనులో మెసేజిగా తెప్పించుకోండి. మంచివాడు దీనికి నొచ్చుకోడు.

ప్రశ్న: మాది కోడుమూరు దగ్గర పల్లె. మా చేనిగట్టు మీద తాత నాటిన వేపచెట్టు గాలికి పడిపోయింది. పెద్ద మాను. ఇంటి తలుపులకు పనికొస్తుందా, అమ్మేయాలా?

జవాబు: అమ్మకండి నాయనా. లోపలి వాకిళ్ళకు, కిటికీలకు వేప మంచి కొయ్య. చేదు కాబట్టి పురుగు తొందరగా ముట్టదు. దాని ఒకే ఒక్క దుర్గుణం, సరిగ్గా ఆరకపోతే మెలితిరుగుతుంది. 

ముందు మీ అటవీ రేంజి కార్యాలయంలో అడిగి, కావాల్సిన కాగితం తీసుకున్నాకే ట్రాక్టరులోకి ఎక్కించండి. నీరు, భూమి, చెట్ల కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం దీనికీ వర్తిస్తుంది, గాలికి పడిందని దారిలో చెప్తే వినకపోవచ్చు. పడిన చెట్టును పడినచోటే ఫొటో తీసి పెట్టుకోండి. 

తర్వాత ఆలస్యం చేయకండి. మానును బెరడుతో నెలల తరబడి నేలమీద వదిలితే చెదలు పడతాయి, కొసలు పగులుతాయి. కోయించిన చెక్కలను ఇంట్లో నీడ ఉండి గాలి ఆడే చోట పేర్చండి. నేలమీద కాదు, రెండు బండరాళ్ళు పెట్టి వాటిపైన. ఒక వరుస చెక్కలు, వాటి మీద అడ్డంగా వేలిమందం బద్దలు, మళ్ళీ ఒక వరుస. బద్దలు కింది నుంచి పైదాకా ఒకే నిలువు గీతలో ఉండాలి, లేకపోతే చెక్క వంగిన చోట వంగినట్టే ఆరుతుంది. పైన బరువైన రాళ్ళు పెట్టండి. రెండు కొసలకూ పాత రంగు ఏదన్నా దట్టంగా పూయండి, కొసల్లోంచి తొందరగా ఆరిపోవడం వల్లే పగుళ్ళు వస్తాయి. మన ఎండలకు అంగుళంన్నర చెక్కకు ఆరు నెలలు చాలునని నా అనుభవం. చట్రాల కొయ్యకు ఏడాది ఇవ్వండి.

ఆరిందో లేదో ఆచారి మాట మీద వదలొద్దు. తేమ మీటరు ఉన్న ఆచారి అయితే చట్రానికి ఆనించి చూపిస్తాడు, 10, 12 శాతం మధ్య చూపితే చాలు. మీటరు లేకపోతే ఒక చిన్న ముక్క కోసి అంగట్లో తూకం వేయించి రాసుకోండి. వారం రోజులు మిద్దె మీద ఎండలో పెట్టి మళ్ళీ తూయించండి. బరువు బాగా తగ్గిందంటే ఇంకా ఆరలేదు.

ప్రశ్న: సిద్ధవటం. ఎర్రచందనంతో దేవుడి మందిరం చేసిస్తాను, తక్కువ ధరకే అని ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం శేషాచలం, లంకమల అడవుల్లోంచి దొంగగా నరికినదే. ఇంట్లో దొరికితే కేసు మీ మీద పడుతుంది. మందిరానికి టేకు చాలు.

ప్రశ్న: అనంతపురం నుంచి. అడ్వాన్సు తీసుకున్న ఆచారి రెండు నెలలుగా రావడం లేదు. ఫోను చేస్తే రేపు, ఎల్లుండి అంటాడు. డబ్బులు పోయినట్టేనా?

జవాబు: పోయినట్టే అనుకోకండి. మా పనిలో ఒక చెడ్డ అలవాటు ఉంది. ఒక ఇంటి అడ్వాన్సుతో ఇంకో ఇంటి కొయ్య కొని, ఆ డబ్బు వచ్చినాక మొదటి ఇంటికి పోవడం. ఇది తప్పే, సమర్థించను. కోపంగా ఫోను చేస్తే అతను ఎత్తడం మానేస్తాడు. పొద్దున్నే ఎనిమిది లోపు అతని ఇంటికే పోండి. "డబ్బు తిరిగి ఇస్తావా, పని చేస్తావా, ఏదైనా ఫరవాలేదు, తేదీ రాసివ్వు" అనండి. అతనికి మేస్త్రీ ఉంటే, బేల్దారి ఉంటే వాళ్ళనూ తీసుకుపోండి. ఊర్లో పని చేసేవాడికి తోటి పనివాళ్ళ ముందు మాట పోవడం పెద్ద నష్టం. ఇకమీదట అడ్వాన్సు చేతికి ఇవ్వకుండా కొట్టుకు పోయి కొయ్య డబ్బు మీరే కట్టండి, బిల్లు మీ పేరున తీసుకోండి.

ప్రశ్న: కర్నూలు. వంటింట్లో అల్మారాలు ప్లైవుడ్‌తో చేయించాలి. రాజస్థాన్ నుంచి వచ్చిన పనివాళ్ళు తొందరగా చేస్తారంటున్నారు. మన ఊరి ఆచారికి ఇవ్వాలా, వాళ్ళకా?

జవాబు: నిజం చెప్పాలంటే ప్లై, మైకా పనిలో వాళ్ళ చేయి బాగుంటుంది. రోజూ అదే పని కాబట్టి అంచులు నీటుగా వస్తాయి, వేగం ఎక్కువ. మన వాళ్ళు గట్టి కొయ్య పనిలో, కుసి పనిలో, మరమ్మతుల్లో మేలు. ఎవరికి ఇచ్చినా చూసుకోవాల్సింది ఒకటే. ఆరు నెలల తర్వాత సొరుగు జారితే వచ్చేవాడు ఎవరు? వాళ్ళలో పదేళ్ళుగా కర్నూలులోనే కాపురం ఉన్నవాళ్ళున్నారు. అట్లాంటివాళ్ళయితే నాకు అభ్యంతరం లేదు.

ప్లై మీద మాత్రం ముద్ర చదవండి. వంటింటికి ఐ.ఎస్. 710 అని ఉన్నది తీసుకోండి. ముక్కను 72 గంటలు నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణం. ఎం.ఆర్. అని ఉన్నది కాస్త తేమను తట్టుకునేది, పడకగది బీరువాకు చాలుతుంది గానీ గిన్నెలు కడిగే తొట్టి పక్కన వద్దు. ముద్ర కింద లైసెన్సు నెంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమో కాదో తెలుస్తుంది. అనుమానం ఉంటే నాలుగంగుళాల ముక్కను పాత గిన్నెలో పూటంతా ఉడికించి చూడండి. ఒక షీటు ఎనిమిది నాలుగులు అంటే 32 చదరపుటడుగులు. ఎన్ని షీట్లు వచ్చినాయో, ఎన్ని వాడినారో లెక్క పెట్టుకోండి.

ఇంకొక సలహా. తొట్టి కింద అరకు ప్లై పెట్టనే వద్దు. నిలువుకూ, అడుక్కూ కడప బండ పెట్టించి, ముందు తలుపు మాత్రం చెక్కతో చేయించండి. బచ్చలింటి వాకిలికి కూడా చట్రం బండతోనే చేయించండి. బండలో బందులు ఎట్లా బిగించాలో మన ఊరి ఆచారులకు, బేల్దారులకు బాగా తెలుసు. ఈ పనికి మాత్రం వాళ్ళనే పిలవండి.

ప్రశ్న: జమ్మలమడుగులో మా పాత చౌడు మిద్దె పడగొట్టి కొత్తది కడుతున్నాం. తలవాకిలి చెక్కుడు పనిది, ముత్తాత కాలం నాటిది. పాత కొయ్య కొనేవాళ్ళు దూలాలు, వాటి మీద పరిచిన దంతెలు, వాకిలి అన్నీ కలిపి ఇంత అంటున్నారు. ఇచ్చేయమంటారా?

జవాబు: దయచేసి ఇవ్వకండి. అంత ఆరిన కొయ్య ఈరోజు ఏ కొట్టులోనూ మీకు దొరకదు. వందేళ్ళ ఎండ, వాన చూసినాక ఇక మెలితిరిగేది ఏముంది? దంతెలను కోత మిల్లులో కోయిస్తే కిటికీల చట్రాలన్నిటికీ సరిపోవచ్చు. కోతకు ముందు పాత మేకులన్నీ వెతికి తీయాలి, లేకపోతే మిల్లువాళ్ళ రంపం పోతుంది, వాళ్ళు ఒప్పుకోరు. గోడలో దిగి ఉన్న దూలం కొసల్లో చెద ఉంటుంది. సుత్తితో కొట్టి వినండి. గట్టిగా మోగినచోట మంచి కొయ్య, మొద్దుగా వినిపించినచోట లోపల డొల్ల. అక్కడిదాకా కోసి పారేయండి. 

తలవాకిలిని గడ్డపారతో పీకనివ్వకండి. ముందు చుట్టూ మట్టిగోడ తీయించి, చట్రం ఒంటరిగా నిలబడినాక, మూలల్లో ఏటవాలుగా రెండు బద్దలు కొట్టించి, పట్టుకుని పడుకోబెట్టాలి. పాత రెక్కలకు బందులు ఉండవు, కిందా పైనా కొయ్య ముక్కు గుంటలో తిరుగుతుంది. ఆ గుంటల రాయి కూడా జాగ్రత్త చేయండి, కొత్త ఇంట్లో అదే తీరుగా తిప్పుకోవచ్చు.

కొత్త ఇంటికి పునాది ముగ్గు ఇంకా పోసి ఉండరు. ఈరోజే ఆ చట్రం ఎత్తు, వెడల్పు, కొయ్య మందం కొలిచి మీ ఇంజినీరు చేతిలో పెట్టండి. పాత వాకిళ్ళు తల వంచి దూరేవి. మీది ఆరడుగుల లోపు ఉంటే తలవాకిలిగా కష్టం, దేవుడి గదికి పెట్టుకోండి. ఆ గది గోడ కొలత దానికి తగ్గట్టు ఇప్పుడే గీయమనండి.